"కోటాలో వచ్చావా?" అని అడిగితే: పొగిడినా నమ్మలేం, తిట్టినా నమ్మలేం

ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఎందుకంటే హాస్టల్ రూమ్‌లో స్పీకర్ ఆన్ చేసి వినే టాపిక్ కాదు ఇది. ఆన్ చేసే వింటాం అంటారా, ఇంకా మంచిది. (నవ్వు)

పోయిన నెల సెకండియర్ సీఎస్‌ఈ చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు, కాలేజీ చెప్పను. చాలా పెద్ద మెసేజ్, కానీ అందులో రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. ఒకటి: "అన్నా, ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో సార్ బాగా చేశావ్ అన్నారు. నిజంగా బాగా చేశానా, పాపం అని అలా అన్నారా తెలియట్లేదు." రెండోది: "మినీ ప్రాజెక్ట్‌కి నన్ను ఎవరూ టీమ్‌లోకి తీసుకోలేదు. అది కులం వల్లా, నాకు కోడింగ్ సరిగ్గా రాకపోవడం వల్లా, అదీ తెలియట్లేదు."

చూశారా, మంచి జరిగినా డౌటే, చెడు జరిగినా డౌటే. ఇది వాడొక్కడి సమస్య కాదు. నాదీ ఇదే. నేను ఎస్సీ, రిజర్వేషన్ సీటులోనే బీటెక్ చేశాను, తర్వాత అయిదేళ్ళు సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాను. కెమెరా ముందు ఈ మాట చెప్పడానికి కొంత టైమ్ పట్టింది. ఈ విషయం మాట్లాడుతూ అది దాచి పెడితే బాగోదు కాబట్టి చెప్తున్నాను, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఈ డౌట్ మీద సైకాలజీలో చాలా పని జరిగింది. తెలుగులో దీనికి అలవాటైన పేరు లేదు. నేను "రెండు కారణాల తికమక" అంటాను. మీకు ఒక మార్కో, మాటో, చూపో వచ్చింది. అది మీ పని వల్ల వచ్చిందా, మీరు ఎవరు అన్నదాని వల్ల వచ్చిందా? రెండు కారణాలూ సాధ్యమే. ఏదో తేల్చుకునే దారి మాత్రం మీ దగ్గర లేదు.

1991లో అమెరికాలో జెన్నిఫర్ క్రాకర్, బ్రెండా మేజర్ వాళ్ళ టీమ్ ఒక ప్రయోగం చేసింది. నల్లజాతి స్టూడెంట్స్‌ని ఒక గదిలో కూర్చోబెట్టారు. పక్క గదిలో ఒక తెల్లజాతి స్టూడెంట్ ఉన్నాడని, మీ గురించి అభిప్రాయం చెప్తాడని చెప్పారు. మధ్యలో అద్దం, దానికి కర్టెన్ లాంటి బ్లైండ్స్. సగం మందికి బ్లైండ్స్ ఎత్తి పెట్టారు, అంటే అవతలి వాడికి వీళ్ళు కనబడుతున్నారు. మిగతా సగానికి దించేశారు, అంటే వీళ్ళు ఎవరో అవతలి వాడికి తెలియదు. తర్వాత కొందరికి మంచి అభిప్రాయం, కొందరికి చెడ్డ అభిప్రాయం అందించారు.

చెడ్డ అభిప్రాయం సంగతి మనం ఊహించగలం. "నన్ను చూశాడు కాబట్టి అలా అన్నాడు" అనుకునే వీలు ఉన్నప్పుడు దెబ్బ కొంచెం తక్కువ తగిలింది. అసలు విశేషం మంచి అభిప్రాయం దగ్గర ఉంది. బ్లైండ్స్ దించి ఉన్నప్పుడు పొగిడితే వాళ్ళకి తమ మీద తమకి గౌరవం పెరిగింది. బ్లైండ్స్ ఎత్తి ఉన్నప్పుడు, అంటే తమని చూసి పొగిడాడని తెలిసినప్పుడు, అది పెరగకపోగా తగ్గింది. పొగడ్త కూడా ఒంటికి పట్టలేదన్నమాట.

నేను ఇంజనీర్ని కదా, నాకు ఇది లాగ్ ఫైల్ లాగా అనిపిస్తుంది. సిస్టమ్ పని చేస్తోంది, అవుట్‌పుట్ వస్తోంది, కానీ లాగ్‌లో ఏ లైన్ నమ్మాలో తెలియదు. అలాంటి సిస్టమ్‌ని డీబగ్ చేయడం ఎంత నరకమో డెవలపర్‌ని అడగండి. మనిషి విషయంలో ఇంకా నష్టం. పొగడ్త నమ్మకపోతే ధైర్యం రాదు, విమర్శ నమ్మకపోతే పని నేర్చుకోలేం. రెండు వైపులా మనకే నష్టం. వివక్ష చేసేవాడు రోజూ వచ్చి ఏమీ చేయక్కర్లేదు, ఈ డౌట్ ఒక్కసారి పెట్టి వెళ్తే చాలు.

సరే, దీన్ని రెండు ముక్కలు చేద్దాం. "నీకేంట్రా, కోటా" అనే మాటలో నిజం ఎంత అన్నది ఒకటి. వివక్ష నిజంగా ఉందా, మన ఊహా అన్నది రెండు. రెండింటికీ లెక్కలు ఉన్నాయి.

ముందు కోటా. ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీ తీసుకోండి, ఒక బ్రాంచ్‌లో 60 సీట్లు. కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42 సీట్లు. ఈఏపీసెట్ ర్యాంక్, కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్స్, ఈ గొడవంతా ఈ 42కే. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం, 42లో 15 శాతం అంటే ఆరు సీట్లు. మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, మన భాషలో బి కేటగిరీ. అంటే 18 సీట్లు. ఆరు ఎక్కడ, పద్దెనిమిది ఎక్కడ? ఆ 18 మందిలో ఎవరినైనా క్లాసులో "నీ ర్యాంక్ ఎంత?" అని నిలదీయడం మీరు చూశారా? నేను నాలుగేళ్ళలో చూడలేదు. డబ్బుతో వచ్చిన సీటుని "వాళ్ళ నాన్న కొన్నాడు" అని నవ్వుతూ వదిలేస్తారు. రాజ్యాంగం ఇచ్చిన సీటు దగ్గర మాత్రం మెరిట్ గుర్తొస్తుంది. బి కేటగిరీలో చదివే ఫ్రెండ్స్‌ని నేను తప్పు పట్టట్లేదు, నాకూ ఉన్నారు, మంచి కోడర్లు ఉన్నారు వాళ్ళలో. ప్రశ్న ఎవరిని అడుగుతున్నాం అన్నదే నా పాయింట్.

ఇంకో మాట. ఓసీ అంటే చాలామంది ఒక కులం పేరులా వాడతారు. కాదు. ఓపెన్ కాంపిటీషన్, అందరికీ తెరిచి ఉన్న సీట్లు. ఎస్సీ అబ్బాయికి ఓపెన్ సీటుకి సరిపడా ర్యాంక్ వస్తే వాడు ఓపెన్‌లోనే లెక్క. అంటే మీ క్లాసులో ఉన్న ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ స్టూడెంట్ రిజర్వేషన్ సీటులోనే వచ్చాడని ఎవరూ మొహం చూసి చెప్పలేరు. అలాగే 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఈడబ్ల్యూఎస్ పది శాతం వచ్చింది. అప్పటిదాకా ఏ రిజర్వేషన్ లేని కులాల్లో పేదవాళ్ళకి అది. కాబట్టి "కోటా" అని వెక్కిరించే రూమ్‌మేట్ కూడా ఒక కోటాలోనే వచ్చి ఉండొచ్చు. (నవ్వు) ఈ మాట గొడవ పెట్టుకోవడానికి వాడకండి ప్లీజ్.

మరి ర్యాంక్ తక్కువ అయినా సీటు వచ్చిన మాట? నిజమే, దాన్ని కాదనక్కర్లేదు. మంచి ర్యాంక్ వచ్చి కూడా కోరుకున్న కాలేజీ పోయిన ఫ్రెండ్ బాధా నిజమే. కానీ ఒకసారి ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. స్త్రీలకు అని రాసి ఉన్న సీట్లు మూడు ఖాళీగా ఉన్నాయి, ముప్పై మంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆ ముప్పై మందిలో ప్రతివాడూ "ఆ బోర్డు లేకపోతే నేను కూర్చునేవాడిని" అనుకుంటాడు. బోర్డు తీసేస్తే ఎంతమంది కూర్చుంటారు? ముగ్గురు. మిగతా ఇరవై ఏడు మంది అలాగే నిలబడతారు. ఇందాకటి బ్రాంచ్‌లో ఆ ఆరు సీట్లూ తెరిచేస్తే ఆరుగురికి వస్తాయి. కానీ కటాఫ్ కింద ఉన్న వందల మందీ ఆ ఆరుగురిలో తామూ ఉండేవాళ్ళం అనుకుంటారు. అసలు కొరత మంచి కాలేజీల్లో సీట్లకి. కోపం మాత్రం కళ్ళెదురుగా కనబడే మనిషి మీదకి వస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కోటా పనిచేసేది గేటు దగ్గర. లోపలికి వచ్చాక సెమిస్టర్‌లో పాస్ మార్కు అందరికీ ఒకటే. ఎం-టూ పేపర్‌లో ఎస్సీలకి వేరే ప్రశ్నలు ఇవ్వరు, బ్యాక్‌లాగ్ పడితే కులం చూసి మాఫీ చేయరు. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ప్రైవేట్ ఐటీ కంపెనీకి చట్టప్రకారం ఏ రిజర్వేషనూ లేదు. అరవై శాతం, నో బ్యాక్‌లాగ్స్ అని పెట్టే ఫిల్టర్ అందరికీ అదే, కోడింగ్ రౌండ్ అదే, టెక్నికల్ ఇంటర్వ్యూ అదే. కాబట్టి ఆఫీసులో ఎవరైనా "మీకు కోటాలో వచ్చిందిలే" అంటే అది అభిప్రాయం కూడా కాదు, తప్పుడు సమాచారం. లేని కోటాలో జాబ్ ఎలా వస్తుంది?

"ర్యాంక్ తక్కువ వాళ్ళని పెద్ద కాలేజీలో వేస్తే తట్టుకోలేక చెడిపోతారు, వాళ్ళకే నష్టం" అని జాలి చూపిస్తూ మాట్లాడేవాళ్ళు ఉంటారు. దీన్ని పరీక్షించారు కూడా. మన దేశంలోనే ఒక రాష్ట్రంలో 200కి పైగా ఇంజనీరింగ్ కాలేజీల అడ్మిషన్ల డేటా తీసుకుని బగ్డే, ఎపుల్, టేలర్ అనే ముగ్గురు ఎకనమిస్టులు చేసిన స్టడీ 2016లో వచ్చింది. రిజర్వేషన్ వల్ల ఆ వర్గాల పిల్లలు, అమ్మాయిలు కాలేజీకి రావడం పెరిగింది, ముఖ్యంగా మంచి కాలేజీలకి. వాళ్ళకి సరిపడని చోట పడేసి నష్టం చేసినట్టు ఆధారం ఏదీ దొరకలేదు. ఉద్యోగాల విషయంలో అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ భారతీయ రైల్వే లెక్కలు చూశారు, 1980 నుంచి 2002 దాకా. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా ఎక్కువ ఉన్నచోట పని సామర్థ్యం పడిపోయిందన్న ఆధారం దొరకలేదు. పై స్థాయి పోస్టుల్లో అయితే కొన్ని లెక్కల్లో కాస్త పెరిగినట్టే కనబడింది. ఈ రెండు స్టడీలూ ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. ఎవరికో చూపించడానికి కాదు. రాత్రి పదకొండింటికి మీకు మీరే "నేను ఇక్కడ ఉండాల్సినవాడినేనా" అని అడుగుతారు చూడండి, అప్పటికి.

ఇప్పుడు రెండో ముక్క. వివక్ష మన ఊహా?

సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ఒక స్టడీ పబ్లిష్ చేశారు. పేపర్లలో వచ్చిన ప్రైవేట్ ఉద్యోగ ప్రకటనలకి 4,800కి పైగా అప్లికేషన్లు పంపారు. క్వాలిఫికేషన్ ఒకటే, పేరు మాత్రం వేరు. ఒకటి పై కులం అని తెలిసే పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చే అవకాశాలు పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకి దాదాపు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకి మూడింట ఒక వంతే. అక్కడ మనిషి లేడు, మొహం లేదు, మాట తీరు లేదు. కాగితం మీద పేరు, అంతే.

ఇంకోటి ఉంది, ఇది చదివినప్పుడు నాకు కాసేపు ఏమీ తోచలేదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకి కాగితం మీద మేజ్ పజిల్స్ ఇచ్చారు, దారి కనుక్కునే ఆట. కులం ప్రస్తావన లేకుండా ఆడించినప్పుడు పై కులం, కింది కులం పిల్లలు దాదాపు సమానంగా చేశారు. తర్వాత వేరే గుంపుల్లో, ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం పైకి చదివారు. కింది కులం పిల్లల స్కోర్ పడిపోయింది. అవే పజిళ్ళు, అదే తెలివి. మధ్యలో జరిగింది ఒక్కటే, అందరి ముందు కులం చదివారు.

ఇది విన్నాక మన క్లాస్‌రూమ్ గుర్తొస్తుంది కదా. "ఎస్సీ, ఎస్టీ స్టూడెంట్స్ స్కాలర్‌షిప్ ఫారం కోసం లేచి నిలబడండి" అని క్లాస్ మధ్యలో అరవడం. నోటీస్ బోర్డ్ మీద పేరు పక్కన కేటగిరీ వేసి అతికించడం. అలా చేసిన క్లర్క్‌కి దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ మరుసటి పీరియడ్‌లో ఇంటర్నల్ టెస్ట్ ఉంటే? అందుకే 2012 నాటి యూజీసీ ఈక్విటీ నిబంధనల్లోనే ఇవి రాసి ఉన్నాయి. క్లాసులో స్టూడెంట్స్ కులాలు ప్రకటించడం, రిజర్వ్‌డ్ కేటగిరీ అని ముద్ర వేయడం, కులం వల్లే చదువు రావట్లేదని మాట్లాడటం, ఇవన్నీ వివక్ష కిందే వస్తాయి. కాలేజీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, వివక్ష ఫిర్యాదులు చూసే ఆఫీసర్ ఉండాలని కూడా అందులో ఉంది. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ ఆఫీసర్ పేరు ఉందేమో ఈరోజే చూడండి.

వివక్ష నిజమే, ఓకే. అలా అని జరిగిన ప్రతిదీ వివక్ష కాదు. తికమక మొదలయ్యేదే ఇక్కడ. మరి రోజువారీగా ఏం చేయాలి? నాకు పనికొచ్చినవి చెప్తాను, మీకు ఏది సరిపోతే అది తీసుకోండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది, "బ్లైండ్స్ దించి ఉన్న" చోట్లు వెతుక్కోవడం. ఆ ప్రయోగం గుర్తుంది కదా. మిమ్మల్ని చూడని వాళ్ళు ఇచ్చే తీర్పు ఎక్కడ దొరుకుతుంది? యూనివర్సిటీ సెమిస్టర్ పేపర్ దిద్దేవాళ్ళకి మీ పేరు కనబడదు, కోడ్ నంబరే ఉంటుంది. ల్యాబ్, వైవా అలా కాదు, మనిషి ఎదురుగా ఉంటాడు. ఈ రెండు మార్కుల్నీ ఒకే సంచిలో వేసి చూడకండి. ఆన్‌లైన్ కోడింగ్ కాంటెస్ట్‌లో జడ్జి మెషిన్, దానికి మీ ఇంటిపేరు అక్కర్లేదు. గేట్ స్కోర్ కంప్యూటర్ ఇస్తుంది. కటాఫ్ కేటగిరీని బట్టి మారుతుంది కానీ స్కోర్ మారదు. ఓపెన్ సోర్స్‌లో ఏదో యూజర్‌నేమ్‌తో కోడ్ పంపిస్తే, ఎక్కడో ఉన్న మెయింటైనర్ బాగుంటే తీసుకుంటాడు, లేకపోతే మొహమాటం లేకుండా తిప్పి పంపిస్తాడు. ఆ తమ్ముడికి నేను చెప్పింది కూడా ఇదే: సార్ మాట సంగతి పక్కన పెట్టు, ఆరు వారాలు వారానికో కాంటెస్ట్ రాయి, నీ నంబర్ నువ్వే చూసుకో. బాగా వస్తే సార్ మాట నిజమే అనుకోవచ్చు. రాకపోతే ఎక్కడ పని చేయాలో తెలుస్తుంది. ఎటు తేలినా ఊహల్లో నలిగే పని ఉండదు.

రెండోది, "బాగుంది" అనే మాటని అక్కడితో వదలకూడదు. "థాంక్యూ సార్. ఏ భాగం బాగుంది? ఏది మారిస్తే ఇంకా బాగుంటుంది?" అని అడగండి. నిజంగా చూసినవాళ్ళు వెంటనే చెప్తారు: "ఆ లూప్ అక్కర్లేదు, వైవాలో నార్మలైజేషన్ సరిగ్గా చెప్పలేదు." జాలితో అన్నవాళ్ళు "అంతా బాగుంది బాబూ" అని తప్పించుకుంటారు. మళ్ళీ మళ్ళీ అడిగితే ఎవరు ఏ రకమో తెలిసిపోతుంది. విమర్శకీ ఇదే. "నీకు రాదు" అన్నవాడిని "ఏది రాదు, ఏ లైన్?" అని అడగండి. లైన్ చూపించగలిగితే వినాల్సిందే, వాడు ఏ కులమైనా సరే. చూపించలేకపోతే దాన్ని మీ లాగ్‌లోంచి డిలీట్ చేసేయండి.

దీనికి తోడు ఇంకో స్టడీ ఉంది, 1999లో జెఫ్రీ కోహెన్, క్లాడ్ స్టీల్, లీ రాస్ చేసింది. నల్లజాతి స్టూడెంట్స్ రాసిన వ్యాసాల మీద ఊరికే ఎర్ర ఇంకుతో విమర్శ రాస్తే పక్షపాతం అనిపించింది, ఉత్సాహం పోయింది. అదే విమర్శకి "మా ప్రమాణం ఎక్కువ, నువ్వు దాన్ని అందుకోగలవని నాకు నమ్మకం ఉంది" అని కలిపితే మళ్ళీ రాయడానికి సిద్ధమయ్యారు. లెక్చరర్లు, టీమ్ లీడ్లు ఎవరైనా ఈ ఎపిసోడ్ చదువుతుంటే ఈ పేరా మీ కోసం. మార్కులు వేసేసి పంపడం సాయం కాదండి. కష్టమైన పని ఇచ్చి, తప్పు చూపించి, మళ్ళీ చేయించండి.

ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, నా రెండో ఉద్యోగంలో చాలా మర్యాదస్తుడైన ఒక లీడ్ ఉండేవారు. కంపెనీ పేరు వద్దు. ఏప్రిల్ 14కి నేను పెట్టిన స్టేటస్ చూశాక ఆయన ఇంకా మంచిగా మాట్లాడేవారు. పని మాత్రం డాక్యుమెంటేషన్, టెస్ట్ కేసులు, చిన్న చిన్న యూఐ టికెట్లు. "నీకెందుకు టెన్షన్, ఈ సింపుల్‌వి చూసుకో" అనేవారు. తిట్టరు, ఆలస్యమైతే అడగరు, రివ్యూలో ఒక్క కామెంట్ పెట్టరు. నాతో జాయిన్ అయినవాళ్ళు పేమెంట్ మాడ్యూల్ మీద రాత్రుళ్ళు తిట్లు తింటున్నారు, నేను ఆరింటికి ఇంటికి వెళ్తున్నాను. చూడ్డానికి ఇది ప్రివిలేజ్. ఏడాది తర్వాత వాళ్ళకి ప్రొడక్షన్ అనుభవం, నాకు వర్డ్ డాక్యుమెంట్లు. అందుకే అంటున్నా, ప్రత్యేకంగా చూడటం, తక్కువగా చూడటం ఒక్కోసారి ఒకటే పని చేస్తాయి. ఒకటి తలుపు మూస్తుంది, ఇంకోటి సోఫా వేసి బయటే కూర్చోమంటుంది.

నేను మెయిల్ పెట్టాను. కులం గురించి ఒక్క ముక్క రాయలేదు. "వచ్చే రిలీజ్‌లో నాకు రెండు ప్రొడక్షన్ టికెట్లు కావాలి. రివ్యూ టీమ్‌లో అందరికీ చేసినట్టే చేయండి. నా గోల్స్‌లో ఇది రాస్తున్నాను." మెయిల్‌లో ఉంది, గోల్స్‌లో ఉంది కాబట్టి కాదనడానికి కారణం రాయాలి. ఇచ్చారు. మొదటి పుల్ రిక్వెస్ట్‌కి 41 కామెంట్లు వచ్చాయి. వేరియబుల్ పేరు దగ్గర్నుంచి అన్నీ పీకారు. మా అమ్మకి ఫోన్ చేసి "నలభై ఒక్కటి వచ్చాయే" అంటే "ఎన్నిటికిరా, వందకా?" అంది. (నవ్వు) ఎలా చెప్పాలి? నిజంగా చదివి తిట్టారు అన్న సంతోషం అది.

ఆయన మనసులో కులం ఉందా లేదా నాకు ఈరోజుకీ తెలియదు, తెలుసుకునే అవసరం కూడా రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. చాలాసార్లు "వాడు ఎందుకు చేశాడు" అన్నది తేలకుండానే "నాకు ఏం కావాలి" అన్నది అడగొచ్చు. ప్రాజెక్ట్ టీమ్ విషయంలోనూ అంతే. "మీరు నన్ను ఎందుకు తీసుకోలేదు" అని అడిగితే వంద సాకులు వస్తాయి. "బ్యాకెండ్ నేను చేస్తాను, శుక్రవారానికి లాగిన్ పేజీ చూపిస్తాను" అంటే అవును, కాదు రెండే ఉంటాయి. అయినా కాదంటే వేరే టీమ్ చూసుకోండి, లేకపోతే గైడ్ దగ్గరికి వెళ్ళండి. అది అప్పుడు వాళ్ళ సమస్య.

ఇక "ర్యాంక్ ఎంత?", "ఇంటిపేరు ఏంటి?", "మీరు ఏమిట్లు?" ప్రశ్నలు. అన్నిటికీ జవాబు చెప్పే బాధ్యత మీకు లేదు. రూల్ ఏమీ లేదు, ఎదుటివాడిని బట్టి. తెలియక అడిగే ఫ్రెండ్ అయితే కూర్చోబెట్టి ఆ ఆరు, పద్దెనిమిది లెక్క చెప్పండి. వింటాడు. పదిమంది ముందు ఎగతాళికి అడిగేవాడికి "సెమిస్టర్‌లో నీకెంత, నాకెంత, అది మాట్లాడుకుందాం" అంటే సరిపోతుంది. అద్దె ఇంటి ఓనర్ అడిగితే? చెప్తే ఇల్లు రాకపోవచ్చు, చెప్పకపోతే లోపల గుచ్చుకుంటుంది. పెట్టె చేతిలో పట్టుకుని ఊరు కాని ఊళ్ళో నిలబడినవాడికి నేను నీతులు చెప్పలేను. ఏది చేసినా మీ తప్పు కాదు.

ఇంకోటి, "మనం డబుల్ ప్రూవ్ చేసుకోవాలి" అనే మాట. మన పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు. మా నాన్న కూడా చెప్పేవాడు. కానీ క్లాసులో ఒక్కడు ఫెయిలైతే వాడు ఫెయిలైనట్టు, మనం ఫెయిలైతే మొత్తం కులం ఫెయిలైనట్టు మోసుకు తిరిగితే మనిషి మిగలడు. మీకు కూడా ఒక సబ్జెక్ట్ బోర్ కొట్టే హక్కు ఉంది. అరవై రెండు శాతంతో పాసై, క్రికెట్ ఆడుకుని, మామూలుగా బతికే హక్కు మీ రూమ్‌మేట్‌కి ఎంత ఉందో మీకూ అంతే ఉంది.

హద్దు దాటితే మాత్రం ఇవేవీ కాదు. కులం పేరు పెట్టి అందరిముందు అవమానిస్తే, బెదిరిస్తే, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ నిరోధక చట్టం ఉంది. తేదీ, టైమ్, ఎవరున్నారు, ఏ మాట అన్నారు, అదే రోజు రాసి పెట్టుకోండి. వాట్సాప్ గ్రూప్‌లో అయితే స్క్రీన్‌షాట్ తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి, ఫోన్ పోయినా ఉంటుంది. నేషనల్ హెల్ప్‌లైన్ నంబర్ 14566, ఇది అట్రాసిటీ ఫిర్యాదుల కోసమే, ఫ్రీ. మనసు బాగా కుంగిపోయి, నిద్ర పట్టక, బతకాలని లేదు అనిపించే దాకా వెళ్తే 14416, టెలీ మానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు. రెండు నంబర్లూ ఇప్పుడే సేవ్ చేసుకోండి. మీకు అవసరం లేకపోయినా మీ హాస్టల్‌లో పక్క రూమ్ వాడికి ఉండొచ్చు.

ఆ తమ్ముడు నాలుగో కాంటెస్ట్ రాశాడట, స్క్రీన్‌షాట్ పంపాడు. ఎంత వచ్చిందో అడక్కండి, చెప్పను, అది వాడి నంబర్. వచ్చే ఎపిసోడ్‌లో క్యాంపస్ ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్ ఫ్యామిలీ" అంటే ఎక్కడిదాకా చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నది మాట్లాడుకుందాం. ఉంటాను మరి, జై భీమ్.